తుపాకీ ఎక్కడిదో చెప్పని కాల్పుల వార్తలు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత నెల మన బెంగళూరు శివార్లలో ఒక స్థిరాస్తి వ్యాపారిపై జరిగిన కాల్పుల వార్తను మీ పత్రిక మొదటి పేజీలో చదివాను. నిందితుడు రివాల్వర్‌తో మూడు రౌండ్లు కాల్చి, మ్యాగజైన్ మార్చుకుని మళ్లీ కాల్చాడని అందులో ఉంది. పక్కన వేసిన బొమ్మ పిస్టల్‌ది. చివరి పేరాలో అది నాటు తుపాకీ అయి ఉండవచ్చని పోలీసులు అనుమానిస్తున్నట్టు రాశారు. ఒకే వార్తలో ఒకే ఆయుధం మూడు అవతారాలు ఎత్తింది. సైన్యంలో ఆయుధాల, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో ఇరవై రెండేళ్లు తుపాకులు విప్పి, బాగుచేసి, బిగించడమే పనిగా బతికినవాణ్ని కనుక నాకు అది పంటి కింద రాయిలా తగిలింది.

రివాల్వర్‌కు మ్యాగజైన్ ఉండదు. గుండ్రంగా తిరిగే చక్రంలో, సాధారణంగా ఆరు గదుల్లో, తూటాలు పెట్టి కాలుస్తారు. పేలిన తరువాత ఖాళీ గొట్టాలు ఆ గదుల్లోనే ఉండిపోతాయి. పిస్టల్ అయితే పిడిలోకి దోపిన మ్యాగజైన్ నుంచి తూటా అందుకుని, పేలిన ప్రతిసారీ ఖాళీ గొట్టాన్ని పక్కకు విసిరేస్తుంది. అందువల్ల నేల మీద ఏం దొరికిందన్నది చాలా పెద్ద విషయం. "ఘటనా స్థలంలో నాలుగు తూటాలు లభించాయి" అని రాసినప్పుడు అవి పేలకుండా జారిపడినవా, గోడలో దిగబడిన సీసమా, ఖాళీ గొట్టాలా అన్నది పాఠకుడికి తెలియదు. ఆ మూడింటికీ మూడు వేర్వేరు అర్థాలున్నాయి.

ఇది చాదస్తమని ఎవరైనా అనుకుంటే, మన ఊరి ఉదాహరణే చెబుతాను. 2017 సెప్టెంబరు 5న రాజరాజేశ్వరి నగర్‌లో తన ఇంటి ముందే పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ హత్యకు గురైన తరువాత, ఎవరు చంపి ఉంటారన్న ఊహలతోనే టీవీ ఛానెళ్లు రోజులు గడిపాయి. ఎవరికి నచ్చిన కోణాన్ని వారు తిరగేసి మరగేసి చూపించారు. ఆమెను, 2015 ఆగస్టు 30న ధారవాడలో కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని కాల్చింది ఒకే 7.65 ఎంఎం నాటు పిస్టల్ అని ఫోరెన్సిక్ పరీక్షలో తేలినట్టు ప్రత్యేక దర్యాప్తు బృందం తరువాత కోర్టుకు తెలిపింది. గొట్టం అడుగున సూది కొట్టిన గుర్తు, సీసం మీద తుపాకీ లోపలి గాడి గీసిన గీతలు, ఇటువంటివి పోల్చి చూసే పరీక్ష అది. రెండు ఊళ్లను, రెండేళ్ల ఎడాన్ని కలిపింది వేలెడంత లేని ఆ లోహపు ముక్కలే. వాటి గురించి ఆ మొదటి వారంలో ఓపికగా వివరించిన కార్యక్రమం ఒక్కటీ నా కంట పడలేదు.

విలేకరులను తప్పుపట్టాలని నా ఉద్దేశం కాదు. రాత్రి పది గంటలకు ఠాణా మెట్ల మీద ఇన్‌స్పెక్టర్ నోటివెంట ఏ మాట వస్తే అదే పేజీలోకి వెళుతుందని నాకు తెలుసు. అయితే ఏ ఆయుధమో తేలనప్పుడు "తుపాకీ" అని రాసి ఊరుకోవచ్చు. బొమ్మ అసలు వేయనక్కరలేదు.

టీవీల సంగతి వేరే. 2023 మే నెలలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఆలెన్ పట్టణంలో ఒక మాల్ వద్ద జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. మనకు అప్పుడు ఆదివారం ఉదయం. రామమూర్తి నగర్‌లో మా పై అంతస్తులో ఉండే కర్నూలు దంపతుల కూతురు డల్లాస్ దగ్గరే ఉద్యోగం చేస్తుంది. ఆ అమ్మాయి ఫోను తీయకపోయేసరికి తల్లి మా ఇంటికి వచ్చి, మా టీవీ ముందు నేల మీదే కూర్చుండిపోయారు. తెర మీద ఏఆర్-15 రైఫిల్ బొమ్మ గిర్రున తిరుగుతోంది, వెనుక డప్పుల మోత, కింద "మృతుల్లో తెలుగువారున్నారా?" అని ఎర్రటి అక్షరాల పట్టీ. ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ అని యాంకర్ వివరించాడు. ఆ రెండక్షరాలు దాన్ని మొదట రూపొందించిన ఆర్మలైట్ అనే కంపెనీ పేరు నుంచి వచ్చాయి. నిమిషానికి వందల తూటాలు కక్కుతుందని కూడా అన్నాడు. అంగళ్లలో పౌరులకు అమ్మే ఏఆర్-15 మీట నొక్కిన ప్రతిసారి ఒక్క తూటానే పేలుస్తుంది. మీట నొక్కి పట్టుకుంటే వరుసగా పేలేది సైన్యం వాడే రకం. తొమ్మిదిన్నరకు ఆ అమ్మాయే ఫోను చేసింది, రాత్రి డ్యూటీ చేసి పడుకున్నానని. తల్లి ఏడుస్తూ లేచి వెళ్లారు. తెర మీద తుపాకీ ఇంకా తిరుగుతూనే ఉంది. మృతుల్లో ఒక తెలుగు యువతి కూడా ఉన్నదన్న కబురు ఆ తరువాత తెలిసింది.

ఒక్క తూటానా, వరుస తూటాలా అన్న తేడాతో చచ్చినవారికి ఒరిగేదేమిటని అడిగేవారుంటారు. చట్టం నిలిచేది ఆ తేడా మీదే. 2017లో లాస్ వెగాస్ కాల్పుల్లో బంప్ స్టాక్ అనే అమరికను వాడారు. తుపాకీ వెనక్కి తన్నే ఊపునే వాడుకుని, మీట వెంటవెంటనే నొక్కుడు పడేలా చేసే పరికరం అది. అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది; అది అమర్చినంత మాత్రాన రైఫిల్ మెషిన్ గన్ అయిపోదంటూ 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. అన్నింటినీ మెషిన్ గన్ అనే రాసే చోట ఈ తీర్పు ఎవరికి అర్థమవుతుంది?

హంతకుడికి దక్కే ప్రచారం గురించి కూడా ఒక మాట. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది ప్రాణాలు తీసినవాడు ఆ ఘోరాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూపించాడు. అతడి పేరు తన నోట పలకనని అప్పటి ప్రధాని జసిండా ఆర్డర్న్ పార్లమెంటులోనే ప్రకటించారు. నెల తిరగకముందే అక్కడ చాలా రకాల సెమీ ఆటోమేటిక్ (మీట నొక్కిన ప్రతిసారి ఒక్క తూటా పేల్చే) తుపాకులను నిషేధించారు. మన దగ్గర 2008 ముంబై దాడుల ప్రత్యక్ష ప్రసారాలను సుప్రీంకోర్టు 2012 నాటి తీర్పులో తీవ్రంగా తప్పుపట్టగా, ఉగ్రవాద నిరోధక చర్యలను ప్రత్యక్షంగా చూపరాదని 2015లో కేబుల్ టీవీ నిబంధనల్లో చేర్చారు. మామూలు హత్యకు సంబంధించిన సీసీటీవీ దృశ్యాలకు ఆ నిబంధన వర్తించదు. అందుకే ఎర్ర వలయం గీసి, నెమ్మదిగా తిప్పి, భోజనాల వేళ కూడా అదే చూపిస్తున్నారు.

నేను చదవాలనుకునేది ఆ తుపాకీ వాడి చేతికి ఎలా వచ్చిందన్న సంగతి. మా నాన్నగారికి అనంతపురం జిల్లాలోని మా ఊరిలో పంటను అడవి పందుల నుంచి కాపాడుకునేందుకు లైసెన్సు ఉన్న సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఎన్నికలు వచ్చాయంటే దాన్ని గోనెపట్టాలో చుట్టి, సైకిలుకు కట్టి ఠాణాలో అప్పగించి, రసీదును ధోవతి మడతలో దోపుకుని వచ్చేవారు. కొన్న తూటాల లెక్క లైసెన్సు పుస్తకంలో ఎక్కేది. చట్టబద్ధమైన తుపాకీ వెనుక ఇంత కాగితం ఉంటుంది. ఒక్కొక్కరికి మూడు వరకు ఉన్న పరిమితిని 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి రెండుకు తగ్గించారు. పెళ్లి ఊరేగింపుల్లో సంబరంగా గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తేవడాన్ని కూడా అప్పుడే శిక్షార్హం చేశారు (ఆ వీడియోలు మాత్రం ఇప్పటికీ వినోద వార్తల్లోనే వస్తుంటాయి). మన కర్ణాటకలోనే కొడగులో కొడవ జాతివారికి, జమ్మా అనే వంశపారంపర్య భూముల హక్కుదారులకు కొన్ని తుపాకుల విషయంలో లైసెన్సు నుంచి మినహాయింపు 2029 వరకు ఉన్నదని బెంగళూరు తెలుగువారిలో ఎందరికి తెలుసు?

అందువల్ల "లైసెన్సు ఉన్న తుపాకీ" అన్న మాటతో వార్త ముగియకూడదు. ఆ లైసెన్సు ఎవరిది, ఎవరు ఇచ్చారు, ఎన్నడు పునరుద్ధరించారు, ఇంట్లో ఎవరికి అందేలా పెట్టారు అని అడగాలి. నాటుదైతే చేసినవాడు, తెచ్చినవాడు, అమ్మినవాడు అని కనీసం ముగ్గురుంటారు. కాల్చినవాడి ఫోటో అయిదు రోజులు వేసిన పత్రిక ఆ ముగ్గురి కోసం నెల తరువాత రెండు కాలమ్‌ల చోటు కేటాయించలేదా?

గత నెల వార్త కత్తిరింపు నా డైరీలో ఉంది. దాని ఆఖరి వాక్యం: "నిందితుడికి తుపాకీ ఎక్కడి నుంచి వచ్చిందన్నది దర్యాప్తులో తేలాల్సి ఉంది." అది తేలిందో లేదో మీ విలేకరిని ఒకసారి ఆ ఠాణాకు పంపి కనుక్కోవలసిందిగా, తేలకపోతే ఆ మాటే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
రామమూర్తి నగర్, బెంగళూరు.