ఏప్రిల్ జపాన్ ట్రిప్‌లో ర్యోకాన్ ఇక రెండు రాత్రులు, ధర ఎందుకు పెరిగిందంటే

అందరికీ నమస్కారం. ఏప్రిల్ ట్రిప్‌లో రెండు మార్పులు చేశాం. ఒకటి బస, రెండోది ధర. ధర పెరగడం చాలామందికి నచ్చకపోవచ్చు, అందుకే నాన్చకుండా ముందే చెప్పేస్తున్నాను. వేడినీటి బుగ్గల ఊళ్లో ర్యోకాన్ (జపాన్ పాతకాలపు పద్ధతి సత్రం) బస ఇన్నాళ్లూ ఒక రాత్రే ఉండేది, ఇప్పుడు రెండు రాత్రులు చేశాం, అదీ హకోనేలో కాకుండా కినోసాకిలో. దానివల్ల మనిషికి 22 వేల రూపాయలు పెరుగుతున్నాయి.

ఈమధ్య వస్తున్న ఫోన్లలో ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే, "ఆ ర్యోకాన్ తీసేసి మామూలు హోటల్ పెట్టండి, రేటు తగ్గుతుంది కదా" అని. తగ్గుతుంది, నిజమే. అయినా తీయను. టోక్యోలో, క్యోటోలో మనం దిగే హోటల్ గది రాత్రి పడుకోవడానికి, అంతే, పొద్దున్నే బయటపడతాం. ర్యోకాన్‌లో మాత్రం ఆ బసే మనం చూడటానికి వెళ్లింది. తతామి చాపలు పరిచిన గది, నేలమీద పరుపు, ఒన్సెన్ (వేడినీటి బుగ్గ) స్నానం, రాత్రి భోజనం, పొద్దున ఫలహారం, ఇవన్నీ కలిపి ఒకే లెక్క. ఈ పద్ధతి అక్కడ ఎంత పాతదంటే, యమనాషిలో కెయిఉన్‌కాన్ అనే ర్యోకాన్ 705లో మొదలైంది, ప్రపంచంలోకెల్లా పాత హోటల్‌గా దాన్ని గిన్నిస్ వాళ్లు గుర్తించారు. మన అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు లేస్తున్న రోజులవి. అంత దూరం వెళ్లి దీన్ని వదిలేసి రావడం నాకు మనసొప్పదు.

మరి రెండు రాత్రులు ఎందుకంటే, ర్యోకాన్‌లో రోజు మధ్యాహ్నం 3 గంటలకి మొదలై మర్నాడు 10 గంటలకి అయిపోతుంది. 3 గంటలకి చేరినవాళ్లు టీ తాగి, యుకాటా (పల్చటి నూలు అంగీ) కట్టుకుని, భోజనానికి ముందే ఒకసారి స్నానం చేసి, 6 గంటలకి తీరిగ్గా కూర్చుంటారు. ఇన్నాళ్లూ హకోనేలో సరస్సు, రోప్‌వే, పొగలు కక్కే ఓవాకుదాని లోయ అన్నీ ముగించుకుని వెళ్లేసరికి ఏ 6 దాటేది. వంటవాళ్లు ఎదురుచూస్తుంటారు, అక్కడ భోజనం ఆలస్యం చేయడం కుదరదు, కాబట్టి స్నానం వదిలేసి తినడం, తిన్నాక అలసిపోయి పడుకోవడం, పొద్దున్నే సూట్‌కేసు సర్దుకోవడం. వెళ్లొచ్చినవాళ్లే చెప్పారు, "అక్కడ ఇంకొక్క రోజు ఉంటే బాగుండేదండీ" అని. ఆ మాట మీదే ఈ మార్పు.

కినోసాకి క్యోటో నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో సుమారు రెండున్నర గంటలు, హ్యోగో రాష్ట్రంలో జపాన్ సముద్రం వైపు ఉంటుంది. ఊరి మధ్యలో చిన్న ఏరు, రెండు పక్కలా విల్లో చెట్లు, ఏటి మీద చిన్న చిన్న రాతి వంతెనలు. ఊరుమ్మడి స్నానశాలలు ఏడున్నాయి. ఏ ర్యోకాన్‌లో దిగినా వాటిలో తెరిచి ఉన్న అన్నిటికీ పాస్ ఇస్తారు, విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఊరివాళ్లు చెప్పుకునే మాట ఒకటుంది: రైల్వే స్టేషనే గుమ్మం, వీధులే వసారాలు, సత్రాలే గదులు, ఊరి స్నానశాలే అందరి స్నానాలగది. ఇది ఊరికే వచ్చిన మాట కాదు. 1925 భూకంపంలో ఊరు దాదాపు మొత్తం కూలి, కాలిపోయింది. మళ్లీ కట్టుకుంటున్న రోజుల్లో ఒక సత్రం తన లోపలే వేడినీటి స్నానం పెట్టుకుంటానంటే, నీళ్లు ఊరందరివీ అని మిగతావాళ్లు ఒప్పుకోలేదు. 1927లో మొదలైన ఆ వివాదం 1950లో గానీ రాజీకి రాలేదు. అందుకే ఇప్పటికీ అక్కడ చాలా ర్యోకాన్లలో లోపలి స్నానపు గది చిన్నది. జనం సాయంత్రమైతే యుకాటా, చెక్క చెప్పులు వేసుకుని ఒక స్నానశాల నుంచి ఇంకో స్నానశాలకి వీధుల్లో నడుచుకుంటూ వెళ్తారు. ఆ చెప్పుల టకటక రాత్రి 11 దాకా వినిపిస్తూనే ఉంటుంది. నాకు జపాన్ మొత్తంలో బాగా ఇష్టమైన సాయంత్రాలు అవి. (గాయపడిన కొంగ ఆ నీళ్లలో కాలు నయం చేసుకుందని అక్కడో కథ చెప్తారు. ఆ రకం కొంగలు జపాన్‌లో బయట స్వేచ్ఛగా తిరిగేవి పూర్తిగా లేకుండా పోతే, 2005 నుంచి ఇదే ప్రాంతంలో పెంచి మళ్లీ వదులుతున్నారు. దారిలో పొలాల్లో కనిపిస్తే చూపిస్తాను.)

చాలామంది గింజాన్ (ఉత్తర జపాన్‌లో ఇంకో వేడినీటి బుగ్గల ఊరు) ఫొటోలు పంపి ఇక్కడికి ఎందుకు తీసుకెళ్లరు అంటున్నారు. మంచులో దీపాలతో చాలా అందంగా ఉంటుంది, కాదనను. కానీ అది చాలా చిన్న ఊరు, ఓ డజను సత్రాలు, అంతే. జనం తాకిడి తట్టుకోలేక చలికాలం సాయంత్రాలు బయటివాళ్ల రాకకు పరిమితి కూడా పెట్టారు. గ్రూపుకి గదులు దొరకడం చాలా కష్టం, దొరకనిదాన్ని దొరుకుతుందని చెప్పి నేను అడ్వాన్స్ తీసుకోను.

ఇప్పుడు డబ్బు సంగతి. మేం మాట్లాడుకున్న ర్యోకాన్‌లో రాత్రికి మనిషికి 28,000 యెన్, రెండు పూటల భోజనంతో కలిపి. అంటే ఇప్పటి రేటుకి 16 వేల పైచిలుకు. మిగతాది కినోసాకి రైలు చార్జీలు, పెద్ద సూట్‌కేసులు క్యోటో నుంచి నేరుగా ఒసాకా హోటల్‌కి పంపే ఖర్చు. కినోసాకికి ఒక చిన్న బ్యాగు పట్టుకొస్తే చాలు. ఒన్సెన్ పన్ను రోజుకి మనిషికి 150 యెన్ ఉంటుంది, అది మేమే కడతాం. "మేం నలుగురం ఒకే గదిలో సర్దుకుంటాం, తగ్గించండి" అని అడుగుతున్నారు. ఒకే గదిలో నలుగురు హాయిగా పడుకోవచ్చు, కానీ ర్యోకాన్ గదికి కాకుండా మనిషికి లెక్కగడుతుంది, ఎందుకంటే అందులో పెద్ద ఖర్చు వంట, వడ్డన. తగ్గేది ఏమంత ఉండదు. అలాగే రద్దు విషయంలో కూడా వాళ్లు గట్టిగా ఉంటారు, మన పేరు మీద చేపలు, కూరగాయలు తెప్పించుకుంటారు కాబట్టి చివరి రోజు రానంటే మొత్తం డబ్బు పోతుంది. మార్చి మొదటి వారం దాటాక రద్దు చేసుకుంటే ర్యోకాన్ డబ్బు నేను వెనక్కి ఇవ్వలేను. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ పీతల సీజను, రేట్లు చాలా పెరుగుతాయి. ఏప్రిల్ పెట్టుకోవడానికి అదొక కారణం, ఏటి ఒడ్డున సాకురా (చెర్రీ) పూత దొరికే అవకాశం ఇంకొకటి.

భోజనం గురించి శాకాహారులు దయచేసి జాగ్రత్తగా చదవండి. జపాన్ వంటలో చాలావాటికి మూలం దాషి అనే చారునీళ్లు, అవి ఎక్కువగా ఎండుచేప తురుముతో కాస్తారు. మాంసం ముక్క కనిపించకపోయినా మిసో సూప్‌లో, ఉడికించిన ముల్లంగిలో, ఒక్కోసారి కూరగాయల మీద పోసే రసంలో కూడా అదే ఉంటుంది. "నేను వెజ్" అని అక్కడ కూర్చున్నాక చెప్తే ఏమీ చేయలేరు. ముందే చెప్తే సముద్రపు నాచు, పుట్టగొడుగులతో కాచిన దాషితో విడిగా వండటానికి మా ర్యోకాన్ ఒప్పుకుంది, దానికి వాళ్లకి మూడు వారాల టైమ్ కావాలి. గుడ్డు తింటారా, ఉల్లి వెల్లుల్లి తింటారా అన్నది కూడా రాయండి. ఆవకాయ, కందిపొడి తెచ్చుకోండి, రైల్లో, నగరాల్లో అవసరపడతాయి. ర్యోకాన్ భోజనం దగ్గర మాత్రం తీయొద్దని నా మనవి, ఆ పన్నెండు చిన్న గిన్నెల్లో ఒక్కొక్కటీ ఉప్పు చూసుకుని ఆ రోజుకని వండింది.

ఇక అందరూ గొంతు తగ్గించి అడిగే విషయం, స్నానం. అవును, బట్టలు లేకుండానే. ఆడవాళ్లకి వేరు, మగవాళ్లకి వేరు, స్విమ్‌సూట్ కూడా ఒప్పుకోరు. ముందు బయట చిన్న స్టూలు మీద కూర్చుని షవర్ కింద సబ్బుతో శుభ్రంగా రుద్దుకుని, నురగంతా కడిగేసుకుని, జుట్టు ముడేసుకుని అప్పుడు తొట్టిలో దిగాలి. చేతిలో ఉండే చిన్న తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిమీద పెట్టుకుంటారు. బట్టలు మార్చుకునే గదిలో ఫోన్ బయటకి తీయకూడదు, ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. కోడళ్లు కొంతమంది నన్ను పక్కకి పిలిచి, అత్తగారితో కలిసి ఎలాగండీ అని అడుగుతుంటారు. ఊళ్లో స్నానశాలలు చాలా ఉన్నాయి, ఎవరికి వీలైన టైమ్‌లో వాళ్లు వెళ్లొచ్చు, ఎవరినీ ఎవరితోనూ కలిపి పంపను. అదీ ఇబ్బందైతే ర్యోకాన్‌లోనే తలుపు వేసుకునే చిన్న స్నానపు గది ఉంది, ముప్పావుగంట మీకే. అసలు వద్దనుకుంటే వీధిలో కాళ్లు పెట్టుకునే వేడినీటి తొట్లున్నాయి, అక్కడ కూర్చున్నా హాయిగానే ఉంటుంది.

పచ్చబొట్టు ఉన్నవాళ్లకి ఒక మంచి వార్త. జపాన్‌లో చాలా ఒన్సెన్లలో పచ్చబొట్టు ఉంటే రానివ్వరు. 2015లో అక్కడి పర్యాటక శాఖ అడిగితే, జవాబిచ్చిన చోట్లలో సగానికి పైగా రానివ్వమనే చెప్పాయి. చేతిమీద తేలో పువ్వో పొడిపించుకున్న మన అమ్మమ్మలకి అక్కడి గుమ్మంలో అలా ఆగిపోవాల్సి రావడం నాకు చాలా బాధగా ఉండేది. కినోసాకి ఊరి స్నానశాలలు పచ్చబొట్టుకి అడ్డు చెప్పవు. ఈ ఊరిని ఎంచుకోవడానికి అదో ముఖ్యమైన కారణం.

వెండి పట్టీలు, మెట్టెలు మాత్రం స్నానానికి ముందు తీసేయండి, లేదా ఇంట్లోనే ఉంచి రండి. కుసాత్సు లాంటి ఒన్సెన్ ఊళ్లలో ఉండే గంధకం నీళ్లలో వెండి త్వరగా నల్లబడుతుంది. కినోసాకి నీళ్లు ఉప్పు రకం, అంత చేయవు గానీ తడి రాళ్ల మీద పట్టీ జారిందంటే వెతకడం కష్టం.

బీపీ, షుగర్, గుండె మందులు వాడేవాళ్లు, గర్భవతులు డాక్టర్‌ని అడిగాకే దిగండి. నీళ్లు 40 నుంచి 42 డిగ్రీలుంటాయి, మొదటిసారి ఐదు నిమిషాలు చాలు, భోజనం చేసిన వెంటనే వద్దు, బయటకి రాగానే మంచినీళ్లు తాగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నేలమీద పరుపుకి భయపడక్కర్లేదు, మంచాలున్న గదులు రెండు అట్టిపెట్టమన్నాను, భోజనానికి కుర్చీలు కూడా వేస్తారు. రెండే గదులు కాబట్టి నిజంగా అవసరమైనవాళ్లే అడగండి. యుకాటా కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేసేది చనిపోయినవాళ్లకి. అక్కడ ఒకసారి చూపిస్తాను, కంగారు పడకండి.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు పాత ధర చూసే కట్టారు కాబట్టి, పెరిగిన 22 వేలలో సగం మేం భరిస్తాం. ఈ మార్పు వద్దనుకుంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాం, ఏమీ కోయం. ఏదైనా ఈ నెలాఖరులోగా చెప్పండి. వస్తామన్నవాళ్లు తిండి, మందులు, మోకాళ్లు, పచ్చబొట్టు, ఈ నాలుగింటి గురించీ ఇంట్లో ఒక్కొక్కరి పేరుతో రాసి వాట్సాప్‌లో పంపండి, ఆ జాబితా చూశాకే ర్యోకాన్‌కి మన గదులు ఖరారు చేస్తాను.