2025–26 జమా ఖర్చులు: గౌరి డబ్బు సంగతితో సహా

దాతలకు, ఫోస్టర్ ఇళ్లవాళ్లకు (కుక్కలకు సొంత ఇల్లు దొరికేదాకా తమ ఇంట్లో ఉంచుకునేవాళ్లకు), మన దగ్గర్నుంచి కుక్కల్ని పెంచుకోవడానికి తీసుకెళ్లినవాళ్లకు నమస్కారం.

2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు వీధికుక్కల్ని కాపాడే మన బృందానికి వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఈ కింద రాస్తున్నాం. ఏటా ఒకే పేజీలో రెండు వరుసల అంకెలు వేసి పంపేవాళ్లం. ఈసారి అలా కుదరదు. ఫిబ్రవరిలో ఒక దాత "గౌరి కోసం ఇచ్చిన డబ్బులో మిగిలింది ఏమైంది?" అని అడిగారు. కమిటీలో ఏడుగురం ఉన్నాం. ఒక్కరి దగ్గరా సూటిగా చెప్పే జవాబు లేదు. అందుకని ముందు ఆ సంగతి, తర్వాతే మిగతా పద్దు.

జులైలో నాచారం వైపు లారీ కింద పడిన తెల్ల కుక్క గౌరి. నడుము ఎముక, వెనక కాలు విరిగాయి. ఆపరేషన్‌కు 60 వేల దాకా అవుతుందని డాక్టరు చెప్పగానే ఫోటో పెట్టి సాయం అడిగాం. ఒకటిన్నర రోజులో 74 మంది కలిసి 61,400 రూపాయలు పంపారు. నాలుగో రోజు తెల్లవారుజామున, ఆపరేషన్ కాకముందే, గౌరి చనిపోయింది. లోపల రక్తం పోతూనే ఉంది. ఎక్స్‌రేలు, స్కాన్, రక్తం ఎక్కించడం, నాలుగు రోజుల ఆసుపత్రి ఖర్చు కలిపి బిల్లు 23,850. మిగిలింది 37,550.

గౌరి పోయిందని అందరికీ చెప్పాం. డబ్బు మిగిలిందని మాత్రం చెప్పలేదు. దాచాలని కాదు, ఆ బాధలో ఎవరూ అడగలేదు, మేమూ ఎత్తలేదు. అదే వారం పిడుదు జ్వరంతో మూడు కుక్కలు ఆసుపత్రిలో ఉన్నాయి, వాటి బిల్లులు ఆగి ఉన్నాయి. ఈ డబ్బు వాటికి వెళ్లిపోయింది. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఎవరి జేబులోకీ పోలేదు. అయినా ఒక కుక్క పేరు చెప్పి తీసుకున్న డబ్బు, ఇచ్చినవాళ్లను అడక్కుండా ఇంకో కుక్కకు పెట్టడం తప్పే. మార్చిలో ఆ 74 మందికీ విడివిడిగా మెసేజ్ పెట్టాం. 52 మంది "వేరే కుక్కలకు వాడారు కదా, పర్వాలేదు" అన్నారు. 16 మంది దగ్గర్నుంచి జవాబు రాలేదు. ఆరుగురు తిరిగి అడిగారు. వాళ్ల 4,100 రూపాయలు ఏప్రిల్ మొదటి వారంలో పంపేశాం, అది వచ్చే ఏడాది పద్దులో కనిపిస్తుంది. ఇకమీదట ఏ కుక్క కోసం అడిగినా, మిగిలితే ఎక్కడికి వెళ్తుందో అడిగేటప్పుడే రాస్తాం.

ఇక కుక్కల లెక్క. ఏడాది మొదట్లో ఫోస్టర్ ఇళ్లలో 9 ఉన్నాయి. కొత్తగా 64 వచ్చాయి. మొత్తం 73. వీటిలో 41 ఇళ్లకు చేరాయి, 7 ఆపరేషనో వైద్యమో అయ్యాక తమ వీధికే తిరిగి వెళ్లాయి, 14 చనిపోయాయి, 11 ఇంకా మన దగ్గరే ఉన్నాయి. పోయిన 14లో పార్వో అనే వైరస్ జబ్బుతో 5, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బుతో 3, గౌరితో కలిపి ప్రమాదాల్లో 4. మిగతా రెండూ ముసలి కుక్కలు, కిడ్నీలు పాడై పోయాయి.

జమ (రూపాయల్లో):
ముందు నిల్వ: 38,420
నెలనెలా ఇచ్చే 31 మంది నుంచి: 1,42,600
విడి విరాళాలు: 1,18,350
ఫలానా కుక్క కోసమని అడిగి తీసుకున్నవి: 1,09,200
అడాప్షన్ సమయంలో టీకాల కింద తీసుకున్నవి: 45,000
దీపావళి ప్రమిదల స్టాలు (సరుకు ఖర్చు పోగా): 14,750
బ్యాంకు వడ్డీ: 1,180
మొత్తం: 4,69,500

ఖర్చు (రూపాయల్లో):
ఆసుపత్రి బిల్లులు, మందులు: 1,96,340
టీకాలు, నులిపురుగుల మందు, పిడుదుల మందు: 58,900
సంతాన నిరోధక ఆపరేషన్లు: 58,500
తిండి: 71,260
డబ్బు కట్టి బోర్డింగ్‌లో ఉంచినందుకు: 62,400
ఆటోలు, క్యాబులు: 21,850
బోనులు, గోనె పట్టాలు, బ్లీచింగ్, సబ్బు: 13,900
ఆడిటరు ఫీజు, ప్రింటింగు, బ్యాంకు చార్జీలు: 4,150
మొత్తం: 4,87,300

అంటే 17,800 లోటు. ఈ ఖర్చులో 44,100 ఇంకా కట్టలేదు, ఆసుపత్రికి బాకీ ఉన్నాం. ఆ బాకీ పెండింగ్‌లో ఉండబట్టే బ్యాంకులో డబ్బు కనిపిస్తోంది.

లోటు ఎక్కడ వచ్చిందంటే, ఎక్కువగా బోర్డింగ్ దగ్గర. కిందటేడు ఆ పద్దులో వేసింది సున్నా. ఈసారి రోజుకు 300 చొప్పున 208 రోజులు కట్టాం. ఫోస్టర్ ఇల్లు దొరికితే కుక్కకు అయ్యేది తిండి ఖర్చే, దొరక్కపోతే ఈ 300 అదనం. ఇళ్లు ఎందుకు దొరకలేదో చెప్పాలంటే ఆగస్టు నుంచి మొదలుపెట్టాలి.

2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు చెప్పింది. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల సంగతే, కానీ ఇక్కడ మల్కాజిగిరిలో కూడా మర్నాడే ఫోన్లు మొదలయ్యాయి: "ఆర్డరు వచ్చిందట కదా, మా గల్లీవి ఎప్పుడు తీసుకుపోతారు?" మేం మున్సిపాలిటీ కాదని చెప్పి చెప్పి గొంతు పోయింది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచ్ ఆ ఆదేశాన్ని మార్చి, సంతాన నిరోధక ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని పట్టుకున్న చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దని చెప్పింది. ఈలోపు సైనిక్‌పురిలో మన ఫోస్టర్ ఇంటి గేటుకు ఎవరో రాత్రికి రాత్రి మూడు కుక్కల్ని ప్లాస్టిక్ తాడుతో కట్టేసి పోయారు. ఒకదానికి మెడ దగ్గర తాడు కోసుకుపోయి పురుగులు పట్టాయి. ఆ ఇంటి ఓనరు తెల్లారి చూసి, అద్దెకున్న మన అమ్మాయిని "కుక్కలో, ఇల్లో తేల్చుకో" అన్నాడు. అక్కడ ఉన్న నాలుగు కుక్కలూ ఆ సాయంత్రమే బోర్డింగ్‌కు వెళ్లాయి.

నవంబరు 7న ఇంకో ఆదేశం వచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి పట్టిన కుక్కల్ని మళ్లీ అక్కడ వదలకూడదు. మేం ఏళ్లుగా టీకాలు వేయిస్తున్న ఒక బడి ఆవరణలోని నాలుగు కుక్కలు అలా మన దగ్గరికొచ్చాయి. నాలుగూ ఎనిమిదేళ్లు దాటినవే. పిల్లల టిఫిన్ డబ్బాల్లో మిగిలిన ఇడ్లీ తిని పెరిగినవి. ఆ వయసు కుక్కను ఇంటికి తీసుకెళ్తామని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇప్పుడు మన దగ్గర ఉన్న 11లో ఈ నాలుగూ ఉన్నాయి.

ఫిబ్రవరిలో పార్వో. ఇందులో తప్పు మాది. చిత్తకార్తె అక్టోబరులో వస్తుంది, కుక్కకు చూలు 63 రోజులు, అంటే డిసెంబరు నెలాఖరుకు ఎక్కడ చూసినా పిల్లలే. జనవరి చివర్లో కట్టడం ఆగిన ఒక బిల్డింగ్ వెనక తల్లి లేని ఆరు పిల్లలు దొరికాయి. కొత్తగా వచ్చినవాటిని రెండు వారాలు విడిగా ఉంచాలన్నది మేం పెట్టుకున్న నియమమే. విడిగా ఉంచడానికి ఇల్లు లేదు. అల్వాల్‌లో రిటైరైన దంపతుల ఇంట్లో అప్పటికే మూడు పిల్లలుంటే వాటితోనే కలిపేశాం. నాలుగో రోజు అన్నిట్లోకీ చిన్నది, గోళీ అని పిలిచేవాళ్లం, పాలు ముట్టలేదు. సాయంత్రానికి తెల్ల నురగతో వాంతులు, రాత్రికి రక్త విరేచనాలు. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్లు మర్చిపోలేరు. పగలు ఆసుపత్రిలో సెలైన్, రాత్రి ఇంట్లో. ఆ పెద్దాయన బట్టలారేసే తీగకు సెలైన్ సీసా వేలాడదీసి, కింద కుర్చీ వేసుకుని చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నారు. తొమ్మిదిట్లో నాలుగు బతికాయి. గోళీ బతకలేదు.

దీనికి అడిగి తీసుకున్నది 47,800, అయింది 52,300. మిగలడం లేదు కాబట్టి గౌరి విషయంలో వచ్చిన ప్రశ్న ఇక్కడ రాదు. ఫినాయిల్‌తో కడిగితే పార్వో చావదు. బ్లీచింగ్ ఒక వంతుకు నీళ్లు ముప్పై వంతులు కలిపి ఇల్లంతా మూడుసార్లు కడిగాం. మట్టిలో మాత్రం ఆ వైరస్ నెలల తరబడి ఉండిపోతుంది. ఆ ఇంటికి పెరడు ఉంది కాబట్టి ఏడాదిపాటు టీకాలు పూర్తికాని పిల్లల్ని అక్కడికి పంపం. మనకున్న మంచి ఫోస్టర్ ఇల్లు అలా పోయింది. ఫిబ్రవరి, మార్చి బోర్డింగ్ బిల్లులు అందువల్లే.

టీకాల పద్దులో 6,840 రూపాయలు కుక్కలకు కాదు, మనుషులకు. కుక్కల్ని పట్టే ఆరుగురు వాలంటీర్లకు రేబిస్ రాకుండా ముందస్తు టీకాలు, తలా మూడు డోసులు వేయించాం. కుక్కల డబ్బు మనుషులకు పెట్టొచ్చా అని కమిటీలోనే వాదన జరిగింది. ఇవి వేయించుకున్నవాళ్లను తర్వాత కుక్క కరిచినా రెండు డోసులతో సరిపోతుంది, ఆ ఇంజెక్షన్లు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పెట్టొచ్చనే మెజారిటీ అనుకుంది. ఒప్పుకోనివాళ్లు రాయండి.

సంతాన నిరోధక ఆపరేషన్లు 19: ఆడవి 11 (ఒక్కోదానికి 3,500), మగవి 8 (2,500 చొప్పున). వీధికి తిరిగి వెళ్లాల్సినవాటికి మున్సిపాలిటీ వాళ్లే ఉచితంగా చేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి వదులుతారు, ఆ ఖర్చు మనకు లేదు.

ఈ ఏడాది కొత్తగా డిపాజిట్ పెట్టాం. ఆపరేషన్ వయసు రాని పిల్లను తీసుకెళ్లేవాళ్లు 2,000 కట్టాలి. ఆపరేషన్ అయినట్టు కాగితం చూపిస్తే తిరిగిస్తాం. 28 మంది కట్టారు, 17 మంది వెనక్కి తీసుకున్నారు. 11 మందివి 22,000 మన ఖాతాలో ఉన్నాయి. అది మన డబ్బు కాదు కాబట్టి పై జమలో చూపించలేదు. "మా బుజ్జిగాడు మగవాడు కదండీ, ఎందుకు?" అని ఇప్పటికీ వాయిదా వేస్తున్న నలుగురు ఈ వివరణ చదువుతున్నారని తెలుసు. దయచేసి చేయించండి.

46 సార్లు కుక్కల్ని ఇచ్చాం, 5 తిరిగొచ్చాయి. కోడలికి నెల తప్పిందని ఇద్దరు, బదిలీ అయిందని ఒకరు, ఓనరు ఒప్పుకోలేదని ఒకరు. ఇంకొకరు కారణం చెప్పలేదు, వాచ్‌మన్‌తో పంపించారు. టీకాల కింద 1,500 కట్టింది 30 మంది. పెద్ద కుక్కల్ని తీసుకున్న 16 మందిని అడగలేదు.

డాలస్‌లో ఉండే ఒకావిడ పెద్ద మొత్తం పంపుతానన్నారు. ఆవిడది అమెరికా పాస్‌పోర్టు. విదేశీ విరాళాలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ మనకు లేదు కాబట్టి తీసుకోలేం. విదేశంలో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లు సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. ఇది చెబితే ఆవిడ కాస్త నొచ్చుకున్నారు, తర్వాత మల్కాజిగిరిలో ఉన్న వాళ్లమ్మగారికి ఫోన్ చేశారు. ఆ అమ్మగారు ఇప్పుడు బడి కుక్కల్లో ఒకదానికి ఫోస్టర్. 80జీ కూడా మనకు లేదు, పన్ను రాయితీ రాదు. రసీదు మాత్రం ఇస్తాం.

తిండిలో సగం పిల్లలకు కొనే డ్రైఫుడ్డే. పెద్దవాటికి నూకలు, కోడి కాళ్లు పసుపేసి ఉడికించి పెడతాం. ఆటోవాళ్లు రసీదు ఇవ్వరు, తేదీ, దూరం రాసి ఇద్దరు సంతకం పెట్టిన వోచర్లున్నాయి. ఎవరికీ జీతం లేదు.

ఆడిటరు గారు పట్టుకున్నది ఒకటుంది. ఆసుపత్రి మిషన్ బిల్లుల మీద అక్షరాలు ఆర్నెల్లకే వెలిసిపోతాయి. మూడు బిల్లులు తెల్ల కాగితాలై కూర్చున్నాయి. రెండు మళ్లీ ప్రింటు తీయించాం. 1,870 రూపాయల మూడోది దొరకలేదు. ఆ మొత్తం కోశాధికారి తన సొంతంగా వేశారు, పద్దులో లేదు. ఇప్పుడు ఏ బిల్లయినా అదే రోజు జిరాక్స్ తీసి పెడుతున్నాం.

మార్చి 31న బ్యాంకులో 46,150, చేతిలో 2,150, కలిపి 48,300. ఇవ్వాల్సింది: ఆసుపత్రికి 44,100, డిపాజిట్లు 22,000, కలిపి 66,100. ఈ తేడా తీరేదాకా, ప్రాణం మీదికొచ్చినవి తప్ప, కొత్త కుక్కల్ని తీసుకోకూడదని కమిటీ తీర్మానించింది. ఏడుగురిలో ఇద్దరు ఒప్పుకోలేదు. ఈ తీర్మానం రాస్తున్న నేను ఆ ఇద్దరిలో ఒకరిని.

బిల్లులు, వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు ఉన్న ఫైలు నెలాఖరు దాకా ప్రతి ఆదివారం పదింటి నుంచి ఒంటిగంట వరకు మన సైనిక్‌పురి సభ్యురాలి ఇంట్లో ఉంటుంది. దాతలెవరైనా వచ్చి చూడొచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. వచ్చేముందు గ్రూపులో ఒక మాట చెప్పండి. లోపలికి రాగానే గేటు గడియ వేయండి. పద్నాలుగు నెలలుగా ఇల్లు దొరకని నల్ల కుక్క బొగ్గు అక్కడే ఉంది, సందు దొరికితే రోడ్డు మీదికి పరిగెడుతుంది.