జొన్నగిరి పాత గుంతలను కాపాడాలి

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి గురించి ఏ వార్త వచ్చినా అక్కడ కొండంతా బంగారమే అన్నట్టుంటుంది. (తొలకరికి వజ్రాల వేట సరేసరి!) కంటికి కనిపించేది మాత్రం తెల్లటి పలుగురాయి చారలే. 250 కోట్ల ఏళ్లు దాటిన శిలల పగుళ్లలో వేడినీళ్లు వదిలివెళ్లిన పసిడి ఆ చారల్లో దాగి ఉంది. టన్ను రాయిని పిండి చేస్తే దక్కేది గ్రాము, రెండు గ్రాములు. డ్రిల్లింగ్ యంత్రాలు రాకముందే పూర్వీకులు ఆ బంగారం కోసం గుంతలు తవ్వారు. దగ్గర్లోని ఎర్రగుడి అశోక శాసనాలను 1929లో గుర్తించిందీ ఒక భూగర్భ శాస్త్రవేత్తే. అశోకుడి నాటి దక్షిణ ప్రాంత రాజధాని సువర్ణగిరి మన జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు అంటారు. గని పనులు ఇంకా విస్తరించేలోపే ఆ గుంతలను కొలిచి, ఫొటోలు తీసి, కనీసం ఒకటి రెండింటికి కంచె వేయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పత్తికొండ