చెరువు కట్ట తవ్వే ముందు తాబేలు గుడ్లున్నాయేమో చూడండి

సంపాదకుడి గారికి,

నమస్కారం. నగరంలో చెరువుల పూడికతీత, సుందరీకరణ పనుల గురించి మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. చెరువులు బాగుపడాలనే నేనూ కోరుకుంటాను. అయితే ఆ పనుల్లో ఎవరి లెక్కలోకీ రాని ప్రాణి ఒకటుంది. మా ఇంట్లో జరిగిన సంగతి చెబితే అదేమిటో అర్థమవుతుంది.

మొన్న మార్చిలో మా కాలనీ పక్క చెరువు కట్టను జేసీబీతో చదును చేస్తుంటే మట్టిలోంచి తెల్లటి గుడ్లు బయటపడ్డాయి. గుండ్రంగా, పెద్ద ఉసిరికాయంత ఉన్నాయి. చాలావరకు బకెట్ కింద నలిగిపోయాయి. పగిలిన ఒకదాంట్లో సన్నటి ఎర్ర నరాలు కనిపించాయి. అది చూశాక నాకు కాళ్లు ముందుకు పడలేదు. మిగిలిన రెండింటినీ పిల్లలు బంతుల్లా చేతులు మార్చుకుంటున్నారు. బతిమాలి తీసుకుని, ఆ గుంటలోని మట్టితో సహా ఇంటికి తెచ్చాను.

మా వీధిలో జువాలజీ లెక్చరర్‌గా రిటైరైన సార్ ఒకరున్నారు. చూపించగానే ఆయన అన్న మొదటి మాట, "అమ్మా, ముందు దాన్ని తిప్పకండి." కోడి తన గుడ్లను రోజూ పొర్లిస్తుంది కాబట్టి ఏ గుడ్డయినా అంతే అనుకుంటాం. తాబేలు గుడ్డు పెట్టాక ఒక రోజు గడిచేలోపే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుందట. ఆ తర్వాత గుడ్డు బోర్లా పడితే పిండం ఊడి చచ్చిపోవచ్చు. అందుకే ఎలా ఉన్నదాన్ని అలాగే ఎత్తి, పైన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ గుర్తు ఎప్పుడూ పైకే ఉండేలా చూడాలి. చీకట్లో ఫోన్ టార్చ్ వెలుగు కిందనుంచి పడేలా పెట్టి చూశాం. ఒకదాంట్లో నరాలు కనిపించాయి. పిల్లలు ఎక్కువగా దొర్లించిన రెండో దాంట్లో ఏమీ కనిపించలేదు. వారం తిరిగేసరికి అది వాసన వచ్చింది.

ఇక ఆఫీసుల సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తాబేలు గుడ్డు కూడా వన్యప్రాణే. మన చెరువుల్లో ఉండే ఈ ఫ్లాప్‌షెల్ తాబేలు (వెనక కాళ్లను చర్మపు రెక్కలతో మూసుకునే రకం) పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. ఆ జాబితాలోని జంతువు విషయంలో నేరం రుజువైతే కనీసం 3 ఏళ్ల జైలు, 25 వేల జరిమానా. అలాంటిది చేతికొస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, అధికారికో తెలపాలి. నేను ఆ సాయంత్రమే ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. మా పరిధి కాదన్నారు. ఇంకో చోట సెలవన్నారు. మర్నాడు స్టేషన్‌కు వెళ్తే, "గుడ్డుకు కంప్లయింట్ ఏంటమ్మా?" అని అక్కడి పోలీసు నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆయన తప్పేమీ లేదు, ఎవరూ చెప్పి ఉండరు. నాలుగు చోట్ల తిరిగాక మూడో రోజున ఒకరు నా కాగితం మీద ముద్ర వేసి, "ప్రస్తుతానికి మీ దగ్గరే జాగ్రత్తగా పెట్టండి, మళ్లీ కదిలిస్తే పాడవుతుంది" అన్నారు. ఆ మూడు రోజులూ మంచి పని చేస్తున్నానో, నేరం చేస్తున్నానో తెలియక నేను పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఏప్రిల్, మే ఎండల్లో గుడ్డుకు వెచ్చదనం ఇవ్వడం కష్టం కాలేదు, వేడి తగ్గించడమే కష్టమైంది. పాత రంజన్ కుండలో తడి ఇసుక పోసి, అందులో గుడ్డూ మట్టీ ఉన్న డబ్బా దించి, చుట్టూ గోనెసంచి కప్పి, స్టోర్ రూమ్‌లో నేల మీద పెట్టాను. అక్వేరియం షాపులో కొన్న థర్మామీటర్‌ను రోజుకు నాలుగుసార్లు చూసేదాన్ని. 32 డిగ్రీలు దాటితే సంచి మీద నీళ్లు చల్లేదాన్ని. మట్టి చెమ్మగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. గుడ్డు పెంకు గుండానే గాలి పీలుస్తుంది, నీట మునిగితే ఊపిరాడక చస్తుంది.

జూన్‌లో రెండు వానలు పడ్డాక ఒక తెల్లవారుజామున పెంకు మీద చిన్న పగులు కనిపించింది. ముక్కు చివరన బియ్యపు నూకలో సగమంత తెల్లటి పొక్కు ఉంది. దానితోనే పెంకు చీల్చుకుంటోంది. సాయం చేద్దామని చెయ్యి పోతుంటే సార్ వద్దన్నారు. పొట్ట కింద ఇంకా పచ్చసొన సంచి ఉంటుంది, లాగితే అది చిరుగుతుందట. పూర్తిగా బయటికి రావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. వేలు తగలగానే వెనక కాళ్లు లోపలికి లాక్కుంది. కింద రెండు చర్మపు రెక్కలు తలుపుల్లా మూసుకున్నాయి. అరవై ఏళ్లుగా చెరువు పక్కన బతుకుతూ నేను అదే మొదటిసారి చూడటం.

ఇంట్లో తాబేలుంటే లక్ష్మి కలిసొస్తుందని ఇద్దరు వచ్చి అడిగారు. "అక్కా, మా అక్వేరియంలో వేసుకుంటాం" అన్నారు. ఇవ్వలేదు. అటవీ సిబ్బంది ఒకరు బండి మీద వచ్చి కాగితం రాసుకున్నారు. ఆయన సమక్షంలోనే చెరువులో రాళ్లు పరవని వైపు వదిలాం.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ రాళ్లే. నీటిలో బతికే తాబేలు గుడ్లు పెట్టడానికి గట్టెక్కి మెత్తటి మట్టి తవ్వుకోవాలి. కట్ట చుట్టూ నిలువు గోడ కట్టి, పైన వాకింగ్ ట్రాక్ వేస్తే అది ఎక్కలేదు, ఎక్కినా తవ్వలేదు. చెరువు నిండా నీళ్లుండీ దాని సంతతి అక్కడితో ఆగిపోతుంది. చచ్చిన చేపలు తిని నీటిని శుభ్రం చేసే జీవి అది. శివారులోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించుకున్న నగరం మనది. ప్రతి చెరువుకూ అంత పేరు రాకపోయినా, ఒక పక్కన వంద అడుగుల మట్టి గట్టు వదలలేమా?

అధికారులను నేను అడిగేది పెద్ద ఖర్చు పనేమీ కాదు. యంత్రం దించే ముందు తెలిసిన మనిషి ఒకరు కట్ట వెంట నడిచి చూడాలి. గుడ్లు కనిపిస్తే ఆ ముక్కను పిల్లలయ్యేదాకా వదిలేయాలి. వదల్లేకపోతే గుడ్లు తీసుకునే చోటు నగరంలో ఒకటైనా ఉండాలి. జూపార్కు ఉంది, అనుభవమున్న సిబ్బంది ఉన్నారు. చెరువు హద్దుల బోర్డు మీదే ఆ ఫోన్ నంబరు కూడా రాయొచ్చు, ఎత్తేవాళ్లుంటే. నాలా ఇంట్లో పొదిగించమని ఎవరికీ చెప్పను. రెండింటిలో ఒకటి పోయింది, రెండోది బతకడం సార్ పుణ్యమే.

దసరా తర్వాత మా చెరువు తూర్పు కట్ట పని మొదలవుతుందని కాలనీలో అనుకుంటున్నారు. రాళ్లు పరవనిది ఇప్పుడు ఆ వైపు ఒక్కటే.

ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్