2024–25 వార్షిక నివేదిక: పెరటి చిక్కుడు, నాటు టమాటా విత్తనాల పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘంలో ఎక్కువ మంది చేతులు పెట్టిన పని విత్తనాల పనే. అందుకని నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇచ్చాను. ఉగాది, పిల్లల తెలుగు తరగతులు, జమాఖర్చులు చివర్లో క్లుప్తంగా ఉన్నాయి.

ఈ పని ఎలా మొదలైందో కొత్త సభ్యులకు తెలియదు కాబట్టి ముందు అది చెబుతాను. 2024 మాఘంలో మన సభ్యురాలు ఒకరి అత్తగారు కాలం చేశారు. ఒడిశాలోని మన పర్లాకిమిడిలో, మా వీధిలో ఆవిడ పెరటి రామ్ములక్కాయ తినని ఇల్లు లేదు. అందరూ టమాటా అంటున్నా ఆవిడ మాత్రం చివరిదాకా రామ్ములక్కాయే అన్నారు. పెద్ద ఉసిరికాయంత కాయ, తొడిమ చుట్టూ ముడతలు, పల్చటి తోలు, జివ్వుమనే పులుపు. చారులో రెండు పిసికితే చింతపండు అక్కర్లేదు. ఆ ఏడు జబ్బు వల్ల ఆవిడ నారు పోయలేకపోయారు. పెద్దకర్మ అయ్యాక ఇల్లు సర్దుతూ, దేవుడి గూట్లో ఉన్న పాత అగ్గిపెట్టెలు ఖాళీవనుకుని పారేశారు. విత్తనాలన్నీ వాటిలోనే ఉన్నాయి.

పారేసిన వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆవిడ ఏటా బుట్టలకొద్దీ కాయలు పంచారు. ఇన్నేళ్లలో ఒక్కరం కూడా "పిన్నిగారూ, నాలుగు గింజలు ఇవ్వండి" అని అడగలేదు. నేనూ అడగలేదు. ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.

ఆ తర్వాత ఏప్రిల్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేసుకున్నాం. మనకు తెలిసిన ప్రతి పాత చిక్కుడు, ప్రతి నాటు టమాటా కనీసం మూడు ఇళ్లలో పెరగాలి. దానికి పెద్దలు ఒక సవరణ చెప్పారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు చిక్కుడు పాదులు అప్పుడప్పుడే పూతకు వస్తున్నాయి. వీధిలో పందిళ్లన్నీ ఒకేసారి కూలాయి. పాత గింజ ఇంట్లో మిగిలినవాళ్లకీ, వేరే ఊళ్లో చుట్టాల దగ్గర విత్తనం ఉన్నవాళ్లకీ తప్ప మిగతావారికి ఆ రకాలు మళ్లీ దొరకలేదు. కాబట్టి మూడు ఇళ్లూ ఒకే వీధిలో ఉండకూడదు. ఒకటి ఇక్కడ, ఒకటి మహేంద్రతనయ అవతల పాతపట్నం వైపు, ఒకటి కాశీనగర్ లేదా గుణుపురం వైపు ఉండాలి. తీర్మానం ఆ సవరణతోనే ఆమోదించాం.

వేసవిలో విత్తనాలు సేకరించాం. సగం పైగా మన సభ్యుల అమ్మమ్మగారి ఊళ్ల నుంచి వచ్చాయి. కొన్ని వారపు సంతలో కొండ మీంచి దిగివచ్చే సవర ఆడవాళ్ల దగ్గర అడిగి తీసుకున్నాం. వాళ్లు గింజ అమ్మడానికి ఒప్పుకోలేదు. మన దగ్గరున్న గింజ ఇస్తే మార్చుకుంటామన్నారు. అది మాకు ఇంకా నచ్చింది. మొత్తం పదకొండు చిక్కుళ్లు, ఆరు టమాటాలు వచ్చాయి. ప్రతిదాన్నీ రిజిస్టర్‌లో రాశాం.

పేరు రాసే విషయంలో ఒక నియమం పెట్టుకున్నాం. ఇచ్చినవారు ఏ భాషలో ఏ పేరు చెబితే అదే, దిద్దకుండా రాయాలి. తెలుగు పేరు తెలుగులో, ఒడియా పేరు ఒడియాలో, సవర పేరు సవరలో. ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారి ఊరివాళ్లం మనం. జనం నోట్లో ఉన్న మాటే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. విత్తనాల పట్టీ రాసేటప్పుడు ఆ మాట నాకు చాలాసార్లు గుర్తొచ్చింది. మన ఒడియా పొరుగువారు టమాటాను బిలాతి బైగణ అంటారు, అంటే విలాయతి వంకాయ. పేరులోనే దాని చరిత్ర ఉంది. అమెరికా ఖండంలో పుట్టిన మొక్క పోర్చుగీసువాళ్లతో మన దేశానికి వచ్చిందంటారు. మరి నాటు టమాటా అని ఎందుకంటున్నారని ఒక సభ్యుడు అడిగారు. ఈ మట్టిలో, ఈ వానల్లో, మనవాళ్లు ఏటా గింజ కట్టి మళ్లీ నాటుకుంటూ వచ్చినదాన్ని నాటు అంటున్నాం.

ఇక పోల్చి చూసిన సంగతి. ఒక సభ్యుడి ఖాళీ స్థలంలో పదకొండు చిక్కుళ్లనూ జూలై మొదటి వారంలో, ఒకే రోజు, పక్కపక్కన విత్తాం. పూత తేదీ, పువ్వు రంగు, గుత్తికి ఎన్ని కాయలు, గింజ రంగు, పేనుబంక పట్టిందా లేదా, ఇలా అన్నీ ఆదివారం ఆదివారం రాసుకున్నాం.

అందరినీ ఆశ్చర్యపరిచింది పూత. ముందు విత్తితే ముందు కాస్తుందనుకుని ఇద్దరు సభ్యులు మే నెలలోనే ఇంట్లో విత్తారు. తీగ మేడెక్కింది, ఆకు కమ్మేసింది, పూత మాత్రం రాలేదు. జూలైలో విత్తినవీ, మేలో విత్తినవీ పగలు తగ్గాక అదే వారాల్లో పూశాయి. పాత పందిరి చిక్కుడుకి పొద్దు తగ్గితేనే పూత. ఈ లక్షణం లేకుండా ఏ కాలంలోనైనా కాసేలా చేసినవి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొట్టి రకాలు. పందిరి అక్కర్లేదు కాబట్టి అవీ మంచివే. పాతవాటిని వాటితో పోల్చి "ఇది కాయదు" అని పీకేయకండి. దీపావళి దాటేదాకా ఆగండి.

పక్కపక్కన పెంచితే తెలిసిన రెండో సంగతి, మన పదకొండు నిజానికి ఏడే. కాశీనగర్ నుంచి "వెన్న చిక్కుడు" అని, పాతపట్నం నుంచి "తెల్ల చిక్కుడు" అని, గుణుపురం నుంచి పేరు లేకుండా వచ్చిన మూడూ ఒక్కటే. తెల్ల పువ్వు, అరచేతి అంచంత వెడల్పు లేత కాయ, గోధుమరంగు గింజ. ఇంకో రెండు జంటలు అలాగే కలిసిపోయాయి అనుకున్నాం కానీ, ఒక జంట విడిపోయింది. రెండిటి గింజా నలుపే, గింజ అంచున తెల్ల చారా ఒకటే. కాయ దగ్గరికొచ్చేసరికి ఒకటి నిటారు గుత్తి, రెండోది వేలాడే గుత్తి. గింజ చూసి రకం చెప్పడం ఇక మానేశాం. అప్పటికి ఎనిమిదయింది. కాయ వండి చూస్తే మిగిలిన జంటలో ఒకటి పీచు, ఒకటి మెత్తన. దాంతో అదీ విడిపోయింది. కాబట్టి అంతకుముందు "ఏడే" అని నేను రాసిన మాట దిద్దుకుంటున్నాను. రిజిస్టర్‌లో ఇప్పుడు తొమ్మిది రకాలున్నాయి, ఆ పైన "వెన్న చిక్కుడు" పేరు కింద "తెల్ల చిక్కుడు" అనే పేరు కూడా చేర్చాం.

మూడో సంగతి కొంచెం బాధ కలిగించింది. ఊదా అంచు చిక్కుడు అని ఒకే ఇంటి నుంచి వచ్చిన గింజల్లో రెండు పాదులు తెల్లగా పూశాయి. చిక్కుడు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కట్టుకుంటుంది. కానీ నల్ల తుమ్మెదలు బరువుగా వాలి పువ్వు తెరిచినప్పుడు పక్క పాదు పుప్పొడి చేరుతుంది. ఒకే పెరట్లో రెండు రకాలు అల్లుకుంటే ఏదో ఒక ఏడు కలుస్తాయి. ఇకనుంచి విత్తనం కోసం అయితే ఒక్కో ఇల్లు ఒక్కో రకమే పెంచాలి. కుదరనివాళ్లు విచ్చని పూగుత్తికి పల్చటి గుడ్డసంచి కట్టి, కాయ కట్టాక దారం ముడి వేసి గుర్తు పెట్టాలి.

2025 ఫిబ్రవరి 4న రథసప్తమి. చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడానికీ, చిక్కుడుకాయలతో రథం కట్టడానికీ పిల్లలు పోటీపడ్డారు. పీచు చిక్కుడు కూరకు ఎవరూ ఇష్టపడలేదు కానీ రథానికి దాన్ని మించింది లేదు. చీపురుపుల్ల గుచ్చినా చీలదు. మెత్తన కాయ చీలిపోయింది. రుచి బాలేదని ఆ రకాన్ని పట్టీ నుంచి తీసేద్దామన్నవాళ్లే ఇప్పుడు దాన్ని పెంచుతామని తీసుకెళ్లారు. ఆ తర్వాతి ఆదివారం రకరకాల చిక్కుళ్లు ఉప్పు మాత్రమే వేసి విడివిడిగా ఉడికించి, ఆ తర్వాత ఆవపెట్టి వండి రుచి చూశాం. ముదురు రంగు ఎండు గింజలు మాత్రం నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా ఉడికించి తినాలి. పచ్చిగా నమలకూడదు.

టమాటాలకు ఈ ఏడాది కష్టకాలం. సెప్టెంబరులో నారు పోసి అక్టోబరులో నాటాం. నవంబరులో పచ్చగా ఉన్న మొక్కలు ఉన్నట్టుండి తలలు వాల్చాయి. నీళ్లు చాలలేదేమో అనుకున్నాం. కాండం కోసి గాజుగ్లాసులో నీళ్లలో నిలబెడితే కాసేపటికి పాలలాంటి తీగ కిందికి జారింది. అది బాక్టీరియా వడలు తెగులు. మన తూర్పు కనుమల పుల్లటి నేలల్లో ఇది ఎక్కువ. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు దీన్ని తట్టుకోవడానికే ఉత్కళ్ పల్లవి, ఉత్కళ్ దీప్తి, ఉత్కళ్ కుమారి లాంటి రకాలు ఇచ్చారు. పోలిక కోసం ఉత్కళ్ కుమారిని కూడా మన వరుసలో నాటాం, అది నిలబడింది. మన ఆరింటిలో మూడు పడిపోయాయి, ఒకటి సగం పోయింది, రెండు నిలిచాయి. నిలిచిన రెండిట్లో ఒకటి గుత్తికాయ, రేగుపండంత. ఒక్క ఏడాది చూసి అది తెగులును తట్టుకుంటుందని చెప్పను. తెగులు మట్టిలో ఉంటుంది కాబట్టి ఆ మడిలో వంకాయ, మిరప, టమాటా, బంగాళాదుంప కొన్నాళ్లు వేయవద్దు.

ఒక సభ్యుడు నాటుదని ఇచ్చిన విత్తనం నుంచి నాలుగు మొక్కలకు నాలుగు రకాల కాయలు కాశాయి. బజారు హైబ్రిడ్ కాయ గింజ అది. ఆయన మోసం చేయలేదు, ఆయనకూ తెలియదు. హైబ్రిడ్ కాయ ఎంత బాగున్నా దాని గింజ తల్లిలా రాదు. ఉత్కళ్ రకాల గింజ అయితే దాచుకోవచ్చు.

టమాటా గింజ తీసే పద్ధతి అందరికీ నేర్పించాం. బాగా పండిన కాయలు, ఒక్క మొక్కవే కాకుండా ఐదారు మొక్కలవి కలిపి, గుజ్జు గ్లాసులోకి పిండి రెండు మూడు రోజులు మూత వదులుగా పెట్టి ఉంచాలి. పైన తెల్లటి పొర కట్టి పులిసిన వాసన వస్తుంది. గింజ మీది జిగురు పోతుంది. నీళ్లు పోసి కడిగితే గట్టి గింజ అడుగుకు చేరుతుంది. కాగితం మీద పోస్తే అంటుకుంటుంది, స్టీలు పళ్లెంలో నీడన ఆరబెట్టండి. ఆ పెద్దావిడ గింజలు బూడిదలో నలిపేవారని కోడలు చెప్పారు. ఆవిడ మొక్క జాడ మాత్రం కొంత దొరికింది. పాతపట్నంలో దూరపు చుట్టాల ఇంట్లో ముడతల తొడిమ టమాటా ఒకటుందని తెలిసి గింజ తెచ్చాం. వడలు తెగులుకు సగం పోయింది అదే. మిగిలిన మొక్కల కాయ కోడలి చేతిలో పెట్టాం. "వాసన అదే, పులుపు కొంచెం తక్కువ" అన్నారు. రిజిస్టర్‌లో పేరు గడి ఖాళీగానే ఉంచాం.

ఇప్పుడు మన పొరపాటు. సేకరించిన చిక్కుడు గింజల్లో సగం సంఘం డబ్బాలో దాచాం. ఆగస్టులో మూత తీస్తే పిండి. పెంకుపురుగు కాయ మీదే గుడ్డు పెట్టి గింజతోపాటు డబ్బాలోకి వస్తుంది. మేం ఆ గింజ సరిగా ఎండబెట్టలేదు. పంటితో కొరికితే టక్కున విరగాలి, గోరు దిగకూడదు. డబ్బాలోవి అన్నీ పోయినా ఇళ్లలో విత్తినవి కాసి, మార్చిలో తొమ్మిది రకాలూ తిరిగి చేతికొచ్చాయి. ఇకపై పెద్ద డబ్బా ఉండదు. ఎవరింటి గింజ వారింట్లోనే, బాగా ఎండబెట్టి, నూనె రాసి లేదా బూడిద కలిపి, గట్టి మూత సీసాలో. ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఎండిన గింజను ఒక వారం గడ్డకట్టే అరలో పెట్టి తీసినా పురుగు చస్తుంది.

విత్తనాలు ఇలా పంచుకుంటే కేసు అవుతుందేమోనని ఇద్దరు సభ్యులకు టెన్షన్ పట్టుకుంది. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవ సభలో, అంతకు ముందు నెలలో కన్నుమూసిన కమలా పూజారి గారికి నివాళి అర్పించాం. కొరాపుట్ జిల్లాకు చెందిన ఆ ఆదివాసీ రైతు నాటు వరి విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె గురించి చెప్పమంటే పిల్లలే చదువుకొచ్చి చెప్పారు.

మిగతా పనులు: ఉగాది బాగా జరిగింది. పిల్లల తెలుగు తరగతులు వారానికి రెండు రోజులు నడిచాయి, పరీక్షల నెలలో ఆపాం. జమాఖర్చుల పత్రం విడిగా ఇస్తున్నాం, సందేహాలుంటే సమావేశంలో అడగండి.

వచ్చే ఏడాదికి: తొమ్మిది చిక్కుళ్లలో ఏడు మూడేసి ఇళ్లకు చేరాయి. ఊదా అంచు, వేలాడే నల్లగింజ ఇంకా ఒక్కో ఇంట్లోనే ఉన్నాయి. టమాటాల్లో గుత్తికాయ, ముడతల తొడిమ రకాలకు మనుషులు కావాలి, ముఖ్యంగా గుణుపురం వైపు వాళ్లు. జూన్ చివరి ఆదివారం విత్తనాలు పంచుతాం. మీ గింజల్లో పది తీసి తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలిచాయో చూసి, ఆ లెక్క చీటీ మీద రాసి తీసుకురండి. ఇంట్లో పెద్దవాళ్ల సామాను సర్దే పని పడితే అగ్గిపెట్టె, మందుసీసా, తమలపాకుల డబ్బా ఏది కనిపించినా పారేసే ముందు చెవి దగ్గర పెట్టి ఒకసారి ఊపి చూడండి.

కార్యదర్శి
పర్లాకిమిడి