కార్తీకం నుంచి మన నడకలో పడవ ఉండదు

అందరికీ నమస్కారమండి.

ఊళ్లోని పాత చోట్లు తిప్పి చూపించే మన రాజమండ్రి నడకలో ఇకమీదట పడవ షికారు ఉండదు. సాయంత్రం పుష్కర ఘాట్ నుంచి మిమ్మల్ని గోదావరి మీదికి తీసుకెళ్లే ఆ అరగంట తీసేశాం. సంక్రాంతికి, వేసవి సెలవులకి చుట్టాలను వెంటబెట్టుకుని మా దగ్గరికే వచ్చేవాళ్లకి ఈ సంగతి ఎవరి ద్వారానో తెలియడం బాగోదు, అందుకే నేనే చెబుతున్నాను.

పడవ మాది కాదు, అద్దెకి మాట్లాడుకున్నదే. వరద తగ్గాక మళ్లీ మొదలుపెట్టే ముందు ఒకసారి చూసొద్దామని వెళ్లాను. లైఫ్ జాకెట్లన్నీ ఒక మూల కుప్పగా పడున్నాయి. ఒకటి తీసి చూస్తే నడుం పట్టీకి క్లిప్పు లేదు, దాని బదులు నైలాను తాడు ముడేసి ఉంది. నొక్కితే లోపలి స్పాంజి పొడిపొడిగా రాలింది. పిల్లల సైజువి ఒక్కటంటే ఒక్కటీ లేవు. ఇదేంటని అడిగితే, "ఒడ్డు పక్కనే కదండీ, పెద్ద టెన్షన్ ఎందుకు" అన్నాడు పడవాయన. కొత్తవి కొనమన్నాను. వచ్చే వారం అన్నాడు. ఆ వారం వచ్చాక నీళ్లు నమిలాడు. సగం డబ్బు నేను పెట్టుకుంటానన్నా కదల్లేదు. ఆఖరికి, "కార్తీకంలో నా పడవకి గిరాకీ లేక మీ దగ్గరికి రాలేదండీ" అని ఫోన్ పెట్టేశాడు. ఇన్నాళ్ల పరిచయానికి ఆ ఒక్క మాటతో మనసు విరిగిపోయింది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు, దాన్ని బయటికి తీసేదాకా ఈ ఊళ్లో జనం ఎలా ఉన్నారో చూసినవాణ్ని. ఆ తాడు ముడి జాకెట్టు మీ పిల్లలకి నా చేతుల్తో తొడగలేను.

అయినా తేల్చుకోవడానికి చాలా నలిగిపోయాను. వేరే పడవలు ఈ నెలకి ముందే మాట్లాడేసుకున్నారు. "ఈ ఒక్క కార్తీకం ఎలాగో కానిచ్చెయ్, తర్వాత చూసుకుందాం" అన్నారు ఇంట్లో. అదీ కాదనలేని మాటే. ఏడాది మొత్తమ్మీద నాలుగు డబ్బులు కనిపించేది ఈ నెలలోనే. పైగా నది మధ్య నుంచి పాత హేవలాక్ వంతెనని చూడాలనే కొందరు పెద్దవాళ్లు వస్తారు. 1900లో మొదలై 1997 దాకా రైళ్లని మోసిన వంతెన అది. వాళ్లకి ఏం చెప్పాలా అని రాత్రుళ్లు నిద్ర పట్టలేదు.

అంతలో టూరిస్టులని పంపే ఒక ఏజెంటు, "పడవ లేకపోతే రాజమండ్రిలో చూడ్డానికి ఏముందండీ, డబ్బులెవరిస్తారు?" అన్నాడు. కడుపు మండింది.

ఏముందా? వీరేశలింగం గారు 1890లో కట్టించిన టౌన్ హాలు ఉంది. 1881 డిసెంబరు 11న ఆయన వితంతు వివాహం జరిపించిన ఇల్లు ఉంది. ఆ పెళ్లికి వంటవాళ్లు కూడా రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే నీళ్లు మోసి వండిపెట్టారు. ఈ మాట చెప్పాక ఆ గుమ్మం ముందు కాసేపు ఎవరూ కదలరు, నేను చూస్తూనే ఉంటాను. 28 నిండకుండానే 1925లో మశూచితో పోయిన దామెర్ల రామారావు గారి బొమ్మలున్న గ్యాలరీ ఉంది. అక్కడ 'సిద్ధార్థ రాగోదయం' బొమ్మ ముందు మిమ్మల్ని తొందరపెట్టి లాక్కుపోవాల్సి వచ్చేది, ఎందుకంటే పడవ టైమైపోతోందని. ఇక ఆ తొందర లేదు. రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ గారు భారతం మొదలుపెట్టిన ఊరండీ ఇది! పడవ లేదని ఊరు ఖాళీ అయిపోతుందా? ఆ ఏజెంటు పంపే బ్యాచ్‌లు ఇక వద్దనుకున్నాను.

పడవ స్థానంలో ఆటోలో ధవళేశ్వరం వెళతాం. కాటన్ మ్యూజియం చూసి, ఆనకట్ట గట్టు మీద కూర్చుంటాం. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టిందే గానీ, 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర పూర్తిచేసిన పాత ఆనకట్ట ఎలా ఉండేదో అక్కడే నిలబడి చెబితే బాగా అర్థమవుతుంది. మధ్యలో లంకలు ఉండటంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. డెల్టాలో పొలాలున్న కుటుంబాలవాళ్లు వస్తే ఇక్కడి నుంచి లేవరు. నిజం చెప్పాలంటే నాకు పడవ కన్నా ఇదే ఇష్టం.

హేవలాక్ వంతెనని ఘాట్ మెట్ల మీద నుంచి చూపిస్తాను. నది మధ్య నుంచి చూసినట్టు ఉంటుందని మాత్రం చెప్పను.

ముందే డబ్బు కట్టినవాళ్లకి పడవ వాటా ఈ వారంలోనే వెనక్కి వేస్తాం, అడగక్కర్లేదు. పూర్తిగా మానుకుంటామన్నా సరే, మొత్తం ఇచ్చేస్తాం. పెద్దవాళ్లకి నడక తగ్గించే ఏర్పాటు ఎప్పటిలాగే ఉంది.

మంచి జాకెట్లు ఉండి, లెక్కకి మించి ఒక్కర్ని కూడా ఎక్కించని పడవ దొరికితే మళ్లీ పెడతాను. 2027 పుష్కరాలొస్తున్నాయి కదా, ఈలోపు ఏదో ఒకటి కుదుర్చుకోమని అంటున్నారు. ఏదో ఒకటి నేను కుదుర్చుకోను.