రష్‌కి వెళ్లు నాన్నా

నాన్నా,

అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

జనవరిలో స్ప్రింగ్ సెమిస్టర్ మొదలవగానే ఫ్రెటర్నిటీ రష్‌కి, అంటే అమెరికా కాలేజీల్లో కుర్రాళ్ల సంఘాలు కొత్త సభ్యుల్ని ఎంచుకునే రోజులకి, వెళ్లనా వద్దా అని అడిగావు. ఆలోచించి చెబుతానన్నాను. వెళ్లు. మనసుకి నచ్చినవాళ్లు దొరికి, వాళ్లు బిడ్ ఇస్తే, అంటే చేరమని పిలిస్తే, చేరు కూడా. ఎందుకంటున్నానో ఫోన్లో చెబితే సగం చెప్పేలోపే నీకు క్లాసు టైమవుతుంది. అందుకే రాస్తున్నాను.

ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో ఉన్నావు. వారం వారం పరీక్ష, ఆ మర్నాడు గోడమీద ర్యాంకుల లిస్టు. నీ పక్క మంచం అబ్బాయిది ఏ ఊరని ఒకసారి అడిగితే నీకు తెలియలేదు. అతనికి ఎన్నో ర్యాంకో మాత్రం టక్కున చెప్పావు. ఆ పిల్లాడు జ్వరమొచ్చి ఇంటికెళ్లిపోతే నీకో మెట్టు కలిసొచ్చేది. అలాంటి చోట స్నేహం ఎలా పుడుతుంది? చదువొచ్చింది, టెక్సస్ ఆస్టిన్ యూనివర్సిటీలో సీటొచ్చింది, సంతోషం. కానీ పక్కవాడి మంచిచెడ్డలు మనవిగా చూసుకోవడం నేర్చుకునే అవకాశం నీకింకా రాలేదు.

హ్యూస్టన్ పెద్దమ్మ కొడుకు, మీ అన్నయ్యతో గంటసేపు మాట్లాడాను. వాడు కాలేజీలో ఉండగా ఫ్రెటర్నిటీలో చేరాడు కదా. వాడు చెప్పినవాటిలో నా మనసుకి బాగా పట్టింది ఒకటుంది. అక్కడ చాలా యూనివర్సిటీలు ప్రతి సెమిస్టర్ ఒక్కో చాప్టర్ (అంటే ఆ కాలేజీలోని ఫ్రెటర్నిటీ శాఖ) సగటు జీపీఏ, అదే మార్కుల సగటు, ఎంతో బయటపెడతాయట. నీ మార్కులు తగ్గితే అందరి సగటూ తగ్గుతుంది. అందుకని సీనియర్లే కొత్తవాళ్లని లైబ్రరీకి లాక్కెళ్లి కూర్చోబెడతారు. కాల్క్యులస్ రానివాడికి వచ్చినవాడు నేర్పుతాడు. నీ మార్కు పెరిగితే ఇంకొకడు సంతోషించే చోటు నువ్వింతవరకూ చూడలేదు, నాన్నా.

థాంక్స్‌గివింగ్ సెలవులకి డార్మ్, అదే మీ హాస్టల్, అంతా ఖాళీ అయిపోయినప్పుడు వీడియో కాల్లో కనిపించావు. చేతిలో కప్పు నూడుల్స్, వెనక రూమ్మేట్ మంచంమీద మడతపెట్టిన దుప్పటి. బాగానే ఉన్నానన్నావు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మీ అన్నయ్యకి సెకండియర్‌లో అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు అర్ధరాత్రి కార్లో ఆసుపత్రికి తీసుకెళ్లింది వాళ్ల ఫ్రెటర్నిటీ పిల్లలే. పెద్దమ్మ వాళ్లు వెళ్లేసరికి ఇద్దరు వరండాలో కుర్చీల్లోనే నిద్రపోతున్నారట. ఒక గుజరాతీ అబ్బాయి ఎక్కడో వెతికి వేడివేడి చారు, మెత్తగా ఉడికిన అన్నం తెచ్చాడట. వాడి పెళ్లికే మొన్న మీ అన్నయ్య అహ్మదాబాద్ వచ్చింది.

పార్టీలూ తాగుడూ తప్ప వాటిలో ఏముందని మీ నాన్నగారి అనుమానం. ఆయనకి చెప్పిందే నీకూ చెబుతున్నాను. గ్రీకు అక్షరాల పేరుతో అమెరికాలో మొదట పుట్టిన ఫై బీటా కాపా 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో మొదలైంది. చదువుకునే కుర్రాళ్లు చర్చల కోసం పెట్టుకున్న సంఘమది. 1906లో కార్నెల్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు గుప్పెడుమందే ఉండేవారు. వాళ్లలో ఏడుగురు కలిసి, ఒకరికొకరు ఆసరాగా ఆల్ఫా ఫై ఆల్ఫా అనే ఫ్రెటర్నిటీ పెట్టుకున్నారు. తర్వాతి రోజుల్లో మార్టిన్ లూథర్ కింగ్ కూడా అందులో సభ్యుడే. మీ ఆస్టిన్‌లోనే 1998లో మనవాళ్ల పిల్లలు డెల్టా ఎప్సిలాన్ సై అనే ఫ్రెటర్నిటీ మొదలుపెట్టారు. పరాయిచోట ఒంటరిగా మిగిలిపోకూడదనుకున్నవాళ్లు కట్టుకున్న ఇళ్లు ఇవి. నీకూ కావలసింది అదే.

దేశీ ఫ్రెటర్నిటీలోనే చేరమని నేననను. కానీ ముందు అక్కడికే వెళ్లి చూడు. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లలకి మన భాష అంతంతమాత్రం, నీకు ఆ దేశం కొత్త. ఒకరికొకరు నేర్పుకోవడానికి బోలెడుంది.

ఉద్యోగాల సంగతి నీకే బాగా తెలుసు. ముందు బ్యాచ్‌లవాళ్లు ఫలానా కంపెనీలో ఉంటారు, రెజ్యూమే చూస్తారు, ఇంటర్వ్యూకి తయారుచేస్తారు. మంచిదే. నాకు అంతకంటే ముఖ్యమనిపించింది ఇంకొకటి. పంతొమ్మిదేళ్లకే ట్రెజరర్‌గా ఉండి, స్నేహితుడు బాకీపడ్డ డ్యూస్, అంటే సభ్యత్వ రుసుము, స్నేహం చెడకుండా వసూలు చేయడం, ఓటింగులో ఓడిపోయాక కూడా గెలిచినవాళ్లతో కలిసి పనిచేయడం, వంటింట్లో గిన్నెలు ఎవరు కడగాలన్న తగువు తీర్చడం. ఇవి ఏ కోర్సులోనూ దొరకవు.

ఇక భయం సంగతి. నాకు లేదని అనుకోకు. మన దగ్గర ర్యాగింగ్ ఎన్ని ప్రాణాలు తీస్తే 1997లో చట్టం వచ్చిందో ఎరుగుదును. అక్కడ దాన్ని హేజింగ్ అంటారు. 2017లో పెన్ స్టేట్‌లో కొత్తగా చేరుతున్న కుర్రాడికి విపరీతంగా తాగించారు. మెట్లమీంచి పడ్డాడు, గంటల తరబడి ఎవరూ అంబులెన్సు పిలవలేదు. పిల్లాడు దక్కలేదు. ఆ తల్లిదండ్రుల గురించి చదివి ఏడ్చాను.

అందుకే ఈ మాటలు తప్పకుండా పాటించు. టెక్సస్‌లో యూనివర్సిటీలు హేజింగ్ కేసుల వివరాలు వెబ్‌సైట్లో పెట్టాలి. ఏ చాప్టర్ పేరైనా ముందు అందులో వెతుకు. అక్కడి చట్టం ప్రకారం, "వాడే ఒప్పుకున్నాడు" అన్నా హేజింగ్ నేరమే. కాబట్టి కాదనడానికి నువ్వు మొహమాటపడాల్సిన పనిలేదు. తాగమన్నా, నిద్రపోనివ్వకపోయినా, ఇంట్లో చెప్పొద్దన్నా లేచి వచ్చేయ్. చేరాక అయినా సరే, డబ్బు కట్టాక అయినా సరే. ఇరవై ఒక్కేళ్లు నిండేదాకా గ్లాసు ముట్టకు. పోలీసు కేసయితే వీసా దాకా వస్తుంది. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే మిగతావాళ్లు ఏమన్నా సరే, నువ్వు 911కి ఫోన్ చెయ్యి.

డ్యూస్ ఒక్కో చాప్టర్‌లో ఒక్కోలా ఉంటాయట. సెమిస్టర్‌కి ఎంత, టీషర్టులకీ ట్రిప్పులకీ విడిగా ఎంత, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా అడుగు. ఆ లెక్క నాకు పంపు. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను.

రష్ మొదటి రోజుకి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకెళ్లు. నీలం గళ్లది సూట్‌కేసు అడుగున పెట్టాను, చూశావో లేదో.

ఆశీస్సులతో,
అమ్మ